ఆరు కోట్ల నలభై లక్షల గ్యారంటీ: ఎక్స్‌బీఆర్‌ఎల్ పని బయటికి ఇవ్వాలా, ఇంట్లోనే చేసుకోవాలా?

2025 సంక్రాంతి సెలవులు అయిపోయి ఆఫీసు తెరిచిన రెండో రోజు అంబత్తూరు నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, బ్యాంకోళ్లు ఏందో రాసినారు. మనం గ్యారంటీ దాచిపెట్టినామంట. నువ్వొకసారి వచ్చి చూడు."

ఫోన్ చేసింది ఆటో విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీ ఎండీ. మా గూడూరు మనిషి, మా నాన్నకు స్నేహితుడు, నాకు చిన్నప్పటి నుంచీ బాబాయ్. రెండు లేత్ మిషన్లతో అంబత్తూరు ఎస్టేట్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని మొదలుపెట్టి, ఇవాళ ఏడాదికి 180 కోట్ల టర్నోవర్ చేస్తున్నాడు. బ్యాంకు వడ్డీ ఒక్క రోజు ఆలస్యం చేసి ఎరగడు. అలాంటి మనిషిని "దాచిపెట్టారు" అన్న మాట ఎంత కలచివేసిందో గొంతులోనే తెలిసింది.

నేను టీ నగర్‌లో ప్రాక్టీసు చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంట్‌ని. ఈ కంపెనీకి ఆడిటర్‌ని కాను, వాళ్ల ఫారాల మీద సర్టిఫై చేసేదాన్నీ కాను. ఆ పిలుపుతో మొదలై తొమ్మిది నెలలు సాగిన పని గురించి బాబాయ్ అనుమతితోనే రాస్తున్నాను. కంపెనీ పేరు, ఎక్స్‌బీఆర్‌ఎల్ పని (కంపెనీ లెక్కలను కంప్యూటర్ చదివే రూపంలోకి మార్చే పని) బయట నుంచి చేసిపెట్టే వెండర్ పేరు, బ్యాంకు పేరు మాత్రం రాయను.

ఉత్తరంలో ఏముంది

వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ (రోజువారీ వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) రెన్యువల్‌కి వచ్చింది. కంపెనీ ఇచ్చిన కాగితాలతో పాటు బ్యాంకు ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ) దగ్గర ఫైల్ అయిన డేటాను కూడా తీసుకుని పోల్చింది. అనుబంధ సంస్థ తీసుకున్న టర్మ్ లోన్‌కి మన కంపెనీ కార్పొరేట్ గ్యారంటీ ఇచ్చింది, అంటే అది కట్టలేకపోతే తాను కడతానని. సాంక్షన్ లెటర్‌లో అది 6.40 కోట్లు. ఎంసీఏ డేటాలో కంటింజెంట్ లయబిలిటీస్ (మీద పడొచ్చు, పడకపోవచ్చు అనే బాధ్యతలు) కింద గ్యారంటీలు అన్నచోట ఉన్నది 6,40,000 రూపాయలు.

సంతకాలు పెట్టిన బ్యాలెన్స్ షీట్ తెప్పించి చూశాను. అందులో తప్పేమీ లేదు. మొత్తం నివేదిక లక్షల్లో ఉంది, ఈ ఒక్క నోట్ మాత్రం వాక్యంగా రాశారు: కంపెనీ 6.40 కోట్ల రూపాయలకు గ్యారంటీ ఇచ్చింది అని. ఎక్స్‌బీఆర్‌ఎల్ చేసిన వెండర్ దగ్గర మనిషి ఆ వాక్యంలోంచి 6.40 తీసుకుని, లక్షల్లో నింపుతున్న గడిలో వేశాడు. సాఫ్ట్‌వేర్ దాన్ని లక్షతో గుణించింది. కోట్లలో ఉన్నది లక్షల్లోకి దిగిపోయింది, అంటే నూరో వంతు.

మరి ఫైలు పంపేముందు తప్పులు చూసే వాలిడేషన్ టూల్ ఎందుకు పట్టుకోలేదు? బాబాయ్ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఆ టూల్ కూడికలు చూస్తుంది. ఆస్తుల మొత్తం కుదరకపోయినా, తప్పనిసరి గడి ఖాళీగా ఉన్నా, తేదీలు పొసగకపోయినా ఆపేస్తుంది. గ్యారంటీ అంకె బ్యాలెన్స్ షీట్‌లో ఏ కూడికలోకీ రాదు. అది ఎంత తప్పుగా ఉన్నా పైన ఏ మొత్తమూ కదలదు. "ఎర్రర్స్ లేవు" అని టూల్ చెప్పిందంటే దాని అర్థం అంతవరకే. ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో నన్ను భయపెట్టే తప్పులన్నీ ఈ జాతివే. పక్కపక్క ట్యాగుల్లో (అంకెలకి అంటించే చీటీల్లో) ఒకదానికి బదులు ఇంకొకటి వేసినా మొత్తం మారదు. షేర్ల సంఖ్య, ఒక్కో షేరుకు ఆదాయం, రిలేటెడ్ పార్టీ లావాదేవీలు, గ్యారంటీలు, ఇవన్నీ కూడికల కాపలా లేని చోట్లు.

రెన్యువల్ ఏడు వారాలు ఆగింది. లిమిట్ బిగుసుకుపోవడంతో ఉక్కు సప్లయర్‌కి ముందుగా కడితే వచ్చే డిస్కౌంట్ రెండు నెలల పాటు వదులుకున్నారు. ఆ ఒక్క లెక్కే 3 లక్షలు దాటింది. వెండర్‌కి ఇచ్చిన ఫీజు 18,000, జీఎస్టీతో 21,240.

ఇక సరిదిద్దడం. ఫైల్ చేసిన పత్రాన్ని వెనక్కి లాక్కునే బటన్ ఎక్కడా లేదు. కంపెనీల చట్టం 131వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళ్లి ఆర్థిక నివేదికలు సవరించుకునే దారి ఉంది గానీ అది నివేదికలోనే తప్పున్నప్పుడు. ఇక్కడ నివేదిక సరిగ్గానే ఉంది, దాని డిజిటల్ రూపం తప్పింది. నుంగంబాక్కంలో హాడోస్ రోడ్డు మీద శాస్త్రి భవన్‌లో ఉన్న కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసుకి వివరంగా రాసిపెట్టాం. బ్యాంకుకి సంతకం చేసిన పీడీఎఫ్, బోర్డు వివరణ, ఆడిటర్ లేఖ ఇచ్చాం. బ్యాంకు ఒప్పుకుంది. ఎంసీఏ డేటాలో మాత్రం ఆ అంకె అప్పటికి అలాగే ఉండిపోయింది.

"ఇంకెవరి చేతికీ ఇయ్యబాకండి. మనమే చేసుకుందాం" అన్నాడు బాబాయ్. అలా ఈ ప్రశ్న నా ముందుకొచ్చింది.

ఈ పని స్వభావం

తెలియనివాళ్ల కోసం కొద్దిగా చెప్పాలి. బ్యాలెన్స్ షీట్‌లో ప్రతి అంకెకూ అది ఏమిటి, ఏ తేదీది లేదా ఏ కాలానిది, ఏ యూనిట్‌లో ఉంది, ఎంతవరకు రౌండ్ చేశారు అన్న చీటీలు అంటించడమే ఎక్స్‌బీఆర్‌ఎల్. ఏ చీటీలు వాడొచ్చో చెప్పే నిఘంటువు టాక్సానమీ. అన్నీ అంటించాక తయారయ్యే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఇన్‌స్టెన్స్ డాక్యుమెంట్. 1998లో అమెరికాలో చార్లెస్ హాఫ్‌మన్ అనే అకౌంటెంట్ ఆలోచనతో ఇది మొదలైంది. ఒకసారి రాసిన అంకెను ఇంకెవరూ మళ్లీ టైపు కొట్టకుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్ చదువుకోవాలన్నది దాని ఉద్దేశం. మన దగ్గర చాలా కంపెనీల్లో అదే పని పీడీఎఫ్ చూసి మళ్లీ టైపు కొట్టడంగా మారిపోయింది. ఈ కేసులో తప్పు పుట్టింది సరిగ్గా అక్కడే.

మన దేశంలో 2010-11 లెక్కలతో ఎంసీఏ దీన్ని తప్పనిసరి చేసింది. లిస్టెడ్ కంపెనీలు, వాటి భారతీయ అనుబంధ సంస్థలు, పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు కట్టిన మూలధనం) 5 కోట్లు లేదా టర్నోవర్ 100 కోట్లు చేరినవి, ఇండ్ ఏఎస్ (కొత్త అకౌంటింగ్ ప్రమాణాలు) పాటించేవి ఏఓసీ-4 ఎక్స్‌బీఆర్‌ఎల్ ఫారం ఫైల్ చేయాలి. బ్యాంకులు, బీమా కంపెనీల వంటివాటికి మినహాయింపు. ఒకసారి ఈ గీత లోపలికి వచ్చిన కంపెనీ తర్వాత టర్నోవర్ తగ్గినా బయటపడదు. బాబాయ్ కంపెనీ ఇండ్ ఏఎస్ లోకి రాదు, పాత అకౌంటింగ్ స్టాండర్డ్స్ ప్రకారమే లెక్కలు. అనుబంధ సంస్థ ఉంది కాబట్టి స్టాండలోన్ (కంపెనీ ఒక్కదానిది) ఒకటి, కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థతో కలిపినది) ఒకటి, రెండు ఇన్‌స్టెన్స్‌లు.

గడువు ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) అయిన 30 రోజుల్లోపు. మార్చి ముగింపు కంపెనీలు చాలావరకు సెప్టెంబర్ ఆఖరి వారంలో ఏజీఎం పెడతాయి. కాబట్టి దేశంలో ఉన్న పనంతా ఒకే నెలలో, అక్టోబర్‌లో, వచ్చి పడుతుంది. చెన్నైలో అక్టోబర్ అంటే ఆయుధపూజ, దీపావళి, ఈశాన్య రుతుపవనాలు. ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

"లేటైతే రోజుకి వంద రూపాయలే గదా, ఎందుకంత హడావిడి" అని బాబాయ్ మధ్యలో అడిగాడు. అదనపు రుసుము రోజుకు 100 రూపాయలన్నది నిజమే. దాని మీద 137వ సెక్షన్ కింద కంపెనీకి 2 లక్షల దాకా, ఎండీకి, సీఎఫ్‌ఓకి విడిగా 50 వేల దాకా పెనాల్టీ పడొచ్చు. కానీ ఈ కేసులో గడువు దాటనే లేదు. పెనాల్టీ ఒక్క రూపాయి లేదు. అయినా 3 లక్షలు పోయాయి, ఏడు వారాల నిద్ర పోయింది. ఖర్చు లెక్క వేసేటప్పుడు పెనాల్టీ పట్టిక చూసి ఊరుకునేవాళ్లకి ఈ మాట గట్టిగా చెబుతాను.

ముందు మనమే చేసి చూశాం

నిర్ణయం కాగితం మీద తీసుకోవద్దని బాబాయ్‌ని ఒప్పించాను. ఫైల్ అయిపోయిన 2023-24 స్టాండలోన్ లెక్కలనే తీసుకుని, ఒక సాఫ్ట్‌వేర్ ట్రయల్ మీద కంపెనీ వాళ్లతోనే మొదటి నుంచి ట్యాగ్ చేయించాను. ఆ పని అకౌంట్స్‌లో ఉన్న ఒక అమ్మాయి చేసింది. తిరుత్తణి తెలుగమ్మాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, తమిళంలో రాస్తుంది, నన్ను అక్కా అంటుంది. ప్రతి రోజూ ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో నోట్‌బుక్‌లో రాయమన్నాను.

మొత్తం 11 రోజులు పట్టింది. అందులో టైపు పని 2 రోజులు, ఎర్రర్లు తీయడం 2 రోజులు. మిగతా 7 రోజులూ "ఇది ఏ ట్యాగులోకి వెళ్లాలి" అని తేల్చుకోవడానికే పోయాయి.

ఒక ఉదాహరణ. కస్టమర్ కొత్త పార్ట్‌కి ఆర్డర్ ఇచ్చినప్పుడు డై (అచ్చు) చేయించడానికి ముందుగా డబ్బు ఇస్తాడు. కంపెనీ పుస్తకాల్లో దాని పేరు టూలింగ్ అడ్వాన్స్. డై తయారయ్యాక కొంత బిల్లు అవుతుంది, కొంత పార్ట్ ధరలో నెమ్మదిగా సర్దుబాటవుతుంది. ట్యాగ్ చేసేటప్పుడు ఇది కస్టమర్ల నుంచి వచ్చిన అడ్వాన్సా? ముందుగా అందిన ఆదాయమా? ఇతర కరెంట్ లయబిలిటీసా? ఏడాదికి మించి ఉండేది ఎంత? అమెరికాలో కంపెనీ తనకు కావలసిన ట్యాగును తానే కొత్తగా చేర్చుకోవచ్చు. ఎంసీఏ టాక్సానమీలో ఆ వీలు లేదు. ఉన్న చీటీల్లోంచే ఎంచుకోవాలి, సరిపోనిది "ఇతరములు"లో వేసి వివరం రాయాలి. ఆ అమ్మాయి టూలింగ్ అడ్వాన్స్ మీద ఒక పూట కూర్చుంది. స్టోర్స్‌కి వెళ్లి డై రిజిస్టర్ చూసింది, మార్కెటింగ్ వాళ్లని రెండు ఆర్డర్లు అడిగింది, తర్వాత నాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఇది రెండుగా విడగొట్టాల. ఒకటి బిల్ అయ్యేది, ఒకటి రేటులో తగ్గేది. బయట చేసేవాళ్లకి ఇది ఎట్ల తెలుస్తుంది?"

తెలియదు. తెలిసే అవకాశమే లేదు. వెండర్ ఈ కంపెనీ స్టాండలోన్ పని 2 రోజుల్లో ముగించేవాడు. మన ఇంటి మనిషికి 7 రోజులు పట్టిన ఆలోచన ఆ 2 రోజుల్లో ఎవరూ చేయలేదు. అంటే అన్నేళ్లుగా ఆ గడుల్లో ఉన్నది వెండర్ ఊహ. దాని కింద డైరెక్టర్ డిజిటల్ సంతకం, ప్రాక్టీసులో ఉన్న ప్రొఫెషనల్ సర్టిఫికేషన్.

ఆ 11 రోజుల్లో మాకు దక్కిన అసలు ఆస్తి ఒక ఎక్సెల్ షీట్. ఎడమ వైపు ట్రయల్ బ్యాలెన్స్‌లో లెడ్జర్ పేరు, పక్కన బ్యాలెన్స్ షీట్‌లో ఏ లైను, దాని పక్కన ఏ ట్యాగ్, చివర ఎందుకు. ఆ "ఎందుకు" నిలువు వరసలో 43 చోట్ల ఆ అమ్మాయి తన మాటల్లో కారణం రాసింది. దాన్ని మ్యాపింగ్ షీట్ అని పిలుచుకున్నాం.

వెండర్ ఆఫీసులో ఒక మధ్యాహ్నం

ఇంతవరకు వింటే "అయితే ఇంట్లోనే చేసుకోవాలి" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. వెండర్‌ని చూడకుండా మాత్రం తేల్చకూడదని ఫిబ్రవరిలో వాళ్ల ఆఫీసుకి వెళ్లాను.

రెండో అంతస్తు, రెండు వరసల బల్లలు, ఒక్కొక్కరికి రెండు స్క్రీన్లు. ఎడమ స్క్రీన్ మీద పీడీఎఫ్, కుడి స్క్రీన్ మీద ఎక్సెల్. అందరూ బీకాం చదివిన పిల్లలు. చేసేవాళ్లు వేరు, చెక్ చేసేవాళ్లు వేరు. చెక్ అంటే మొత్తాలు కుదిరాయా అని చూడడం. మన ఫైలు చేసిన అబ్బాయి ఉద్యోగం మారిపోయాడు. చెక్ చేసిన అమ్మాయి ఉంది, సూళ్లూరుపేట పిల్ల. నేను తెలుగులో మాట్లాడేసరికి కాస్త ధైర్యం వచ్చింది.

"మేడం, అక్టోబర్లో మాకు రోజుకి ఎన్ని ఫైళ్లు వస్తాయో లెక్కుండదు. డౌటొస్తే మెయిల్ పెడతాం. జవాబు రాకపోతే మాకు తోచింది వేస్తాం. డేట్ దాటితే క్లయింట్ మమ్మల్నే గదా తిడతారు."

"మా ఫైలుకి కూడా మెయిల్ పెట్టారా?"

వెతికి చూపించింది. 2024 అక్టోబర్ 10, సాయంత్రం 6 దాటాక పంపిన మెయిల్. నాలుగు ప్రశ్నలున్నాయి. మూడోది: గ్యారంటీ మొత్తం నోట్‌లో కోట్లలో ఉంది, మిగతావి లక్షల్లో ఉన్నాయి, దయచేసి యూనిట్ ధృవీకరించండి.

నేను ఆ స్క్రీన్ ముందు కాసేపు కదలలేదు. వాళ్లు అడిగారు. సరిగ్గా ఆ అంకె గురించే అడిగారు.

తిరిగి అంబత్తూరు వెళ్లి అకౌంట్స్ మెయిల్ తెరిపించాను. ఉంది, ఎవరూ తెరవలేదు. మర్నాడు 11న ఆయుధపూజ. ఫ్యాక్టరీలో మిషన్లకి పసుపు కుంకుమ, గుమ్మడికాయ, అందరికీ బొరుగులు, పొరి ఉండలు. 12న విజయదశమి, 13 ఆదివారం. 14 నుంచి వాన. ఆ వారం వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద జనం కార్లు వరసగా నిలిపిన ఫొటోలు గుర్తున్నవాళ్లకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆఫీసు మళ్లీ గాడిన పడేసరికి ఆ మెయిల్ పైన రెండు వందల మెయిళ్లు వచ్చి పడ్డాయి. 25న ఫైలింగ్ అయింది. ఏజీఎం సెప్టెంబర్ 27న జరిగింది, గడువుకి ఇంకా రెండు రోజులుండగానే పని అయిపోయిందని అందరూ సంతోషించారు.

వెండర్ తప్పు ఉంది. జవాబు రాని ప్రశ్నతో ఫైలు మూసేయడం తప్పు. మన తప్పూ అంతే ఉంది. సంతకం పెట్టినవాళ్లుగానీ, సర్టిఫై చేసినవాళ్లుగానీ ఇన్‌స్టెన్స్‌ని తెరిచి చదవలేదు. ఇది బాబాయ్‌తో చెప్పడం కష్టమైంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన మెయిల్లోనే ఉండిందా?" అని ఒక్క మాట అన్నాడు.

లెక్క

మార్చిలో మూడు దారులు పక్కపక్కన పెట్టి కూర్చున్నాం.

ఇంట్లోనే చేసుకుంటే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కోట్ ఏడాదికి 28,000. తిరుత్తణి అమ్మాయి జీతం 32,000, నెలకి 26 పనిరోజులు. 11 రోజులకి సుమారు 13,500. కలిపి 41,500. కన్సాలిడేటెడ్‌కి మరికొన్ని రోజులు వేసుకున్నా, రెండో ఏడాదికి చేయి తిరిగి రోజులు తగ్గుతాయి.

బయటికిస్తూ, మేం కోరిన షరతులన్నీ పెడితే అదే వెండర్ అడిగింది 42,000, జీఎస్టీతో 49,560. పాత ఫీజుకి రెండింతలకు పైనే.

మూడో దారి ఆడిటర్ ఆఫీసుకే ఇవ్వడం. వాళ్లకి లెక్కలు తెలుసు, అడిగితే చేసిపెడతారు కూడా. నేను వద్దన్నాను. 144వ సెక్షన్ ఆడిటర్ చేయకూడని సేవల పట్టికలో అకౌంటింగ్ సేవలను చేర్చింది. ట్యాగింగ్ అందులోకి వస్తుందా రాదా అని వాదించుకునే పరిస్థితి రాకుండా చూసుకోవడమే మంచిది. తాము ఆడిట్ చేసిన లెక్కలకి తామే చీటీలు అంటించి తామే చూసుకుంటే రెండో జత కళ్లు లేకుండా పోతాయి. ఈ దారి మీద మేం పది నిమిషాలు కూడా గడపలేదు.

అంకెల ప్రకారం ఇంట్లో చేసుకోవడమే చవక. అయినా బయటికి ఇవ్వమనే సలహా ఇచ్చాను. కారణం చెబుతాను.

ఈ పని ఏడాదికి ఒకసారి వస్తుంది. ఏడాదికి ఒకసారి చేసే పనిలో చేయి తిరగదు. నవంబర్‌లో నేర్చుకున్నది వచ్చే అక్టోబర్‌కి సగం మరిచిపోతాం. ఈలోపు టూల్ వెర్షన్ మారుతుంది, ఫారం మారుతుంది, పోర్టల్ మారుతుంది. ఆ మార్పులు వెండర్‌కి రోజూ చూసే పని, మనకి గడువు ముందు వారం ఎదురయ్యే గోడ. రెండోది, ఆ అమ్మాయి ఒక్కతే. అక్టోబర్‌లో ఆమెకి జ్వరమొస్తే, పెళ్లి కుదిరితే, ఇంకా మంచి ఉద్యోగం దొరికితే? దొరకాలనే నేను కోరుకుంటాను. ఒక్క మనిషి మీద నిలబెట్టిన ఏర్పాటు ఏర్పాటు కాదు.

అదే లిస్టెడ్ కంపెనీ అయితే నా సలహా తిరగబడేది. అక్కడ ప్రతి మూడు నెలలకీ ఫలితాలు, షేర్‌హోల్డింగ్ స్టాక్ ఎక్స్ఛేంజీలకి ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో వెళ్లాలి. పని తరచుగా ఉంటుంది కాబట్టి చేయి తిరుగుతుంది. పైగా బోర్డు ఆమోదించకముందే అంకెలు చూసిన ప్రతి బయటి మనిషీ 2015 సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కింద ఇన్‌సైడర్ (బయటికి రాని సమాచారం తెలిసినవాడు) అవుతాడు. వెండర్ దగ్గర ఫైలు ముట్టుకున్నవాళ్ల పేర్లు, పాన్‌లు కంపెనీ స్ట్రక్చర్డ్ డిజిటల్ డేటాబేస్‌లో ఎక్కించాలి. ఉద్యోగాలు తరచుగా మారే పిల్లలున్న ఆఫీసుతో ఆ రిజిస్టర్ నడపడం కత్తి మీద సాము. బాబాయ్ కొడుకు ఎస్‌ఎంఈ ఐపీఓ (చిన్న కంపెనీలు మొదటిసారి షేర్లు జనానికి అమ్మడం) గురించి అప్పుడప్పుడూ మాట్లాడుతుంటాడు. ఆ రోజు వస్తే ఈ నిర్ణయం మొదటి నుంచి మళ్లీ తీసుకోవాలని బోర్డు నోట్‌లోనే రాయించాను.

"ఆ తప్పు చేసినోళ్లకే మళ్లీ ఇయ్యాల్నా?" బాబాయ్ దీనికి మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు. కొత్త వెండర్ అయితే వేరే తప్పు చేస్తాడు, దాన్ని కనుక్కోవడానికి మనకి ఇంకో ఏడాది పడుతుంది. వీళ్లు కనీసం అడిగారు. అడిగేవాళ్లు దొరకడం కష్టం బాబాయ్, అన్నాను. వెండర్ యజమానిని పిలిపించి ఆ మెయిల్ ఇద్దరి ముందూ పెట్టాక బాబాయ్ మెత్తబడ్డాడు.

ఏం ఇచ్చాం, ఏం ఉంచుకున్నాం

టైపు, ట్యాగ్ అంటించడం, ఎర్రర్లు తీయడం, పోర్టల్ మార్పులు, ఇవి బయటికి. మ్యాపింగ్ షీట్ మాత్రం మన దగ్గరే. వెండర్ మన షీట్ ప్రకారమే ట్యాగ్ చేయాలి, వేరే ట్యాగ్ వేయాలనిపిస్తే అడగాలి. ప్రతి ప్రశ్నా మెయిల్‌లో కాకుండా ఒకే షేర్డ్ షీట్‌లో తేదీతో ఉండాలి. ఒప్పందంలో నేను పట్టుబట్టి రాయించిన వాక్యం ఒకటుంది: జవాబు లేని ప్రశ్న ఒక్కటున్నా ఫైనల్ ఫైలు తయారు చేయకూడదు, గడువు దాటితే బాధ్యత కంపెనీది. వెండర్ యజమాని ఆ వాక్యం రెండుసార్లు చదివి, ఇలా రాసిచ్చిన క్లయింట్ ఇంతవరకు లేడన్నాడు. భయం పోతే గానీ వాళ్లు ఆగరు. ఆ భయం తీయాల్సింది మనమే.

నోట్స్‌లో అంకెలన్నీ లక్షల్లోనే రాయాలని, వాక్యాల్లోవి కూడా, ఆడిటర్‌తో మాట్లాడి మార్పించాం. రిలేటెడ్ పార్టీల పాన్‌లు వంటి వివరాలు పాస్‌వర్డ్ ఫోల్డర్‌లోనే వెళ్తాయి, పని అయ్యాక వాళ్ల దగ్గర తీసేయాలి.

చివరిది రీడ్‌బ్యాక్. మా నాన్న గూడూరులో ఒక అభ్రకం కంపెనీలో గుమస్తా. రాత్రిళ్లు చిట్టా (రోజు పద్దుల పుస్తకం) నుంచి ఆవర్జా (ఖాతాల పుస్తకం)లోకి ఎక్కించిన పద్దులు ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టేవారు. నేను లాంతరు పక్కన కూర్చుని ఆ గొంతులు వింటూ నిద్రపోయేదాన్ని. ఇక్కడ కూడా అదే పెట్టాను. ఇన్‌స్టెన్స్ నుంచి టూల్ తయారుచేసే పీడీఎఫ్ ప్రింటు తీసి, ఒకరు సంతకం చేసిన బ్యాలెన్స్ షీట్ చదవాలి, ఇంకొకరు టిక్కు పెట్టాలి. మొత్తాలు వదిలేసినా ఫర్వాలేదు, అవి టూల్ చూసుకుంటుంది. కూడికలోకి రాని అంకె ఒక్కటి కూడా వదలకూడదు. సర్టిఫై చేసే ప్రొఫెషనల్ ఆ టిక్కుల కాగితం చూశాకే సంతకం పెట్టాలి.

2025 అక్టోబర్

జులైలో ఏఓసీ-4 ఎక్స్‌బీఆర్‌ఎల్ ఎంసీఏ కొత్త పోర్టల్ (వీ3)లోకి మారింది. అందరూ తడబడ్డారు. ఎంసీఏ అదనపు రుసుము లేకుండా ఫైల్ చేసుకోవడానికి మొదట డిసెంబర్ 31 దాకా వెసులుబాటు ఇచ్చింది. మేం మా తేదీలు మార్చుకోలేదు. పోర్టల్ తిప్పలు వెండర్ పడ్డాడు. ఆ వారం రోజులు మన అకౌంట్స్ వాళ్లు జీఎస్టీ పనిలో ఉన్నారు. బయటికి ఇచ్చినందుకు నాకు నిశ్చింత కలిగింది అప్పుడే.

ప్రశ్నల షీట్‌లో 31 ప్రశ్నలు వచ్చాయి. 29కి ఒక రోజులో జవాబు వెళ్లింది. రెండు ఆడిటర్ దాకా వెళ్లాయి, అందులో ఒకటి టూలింగ్ అడ్వాన్సే.

రీడ్‌బ్యాక్‌కి నేను కూడా వెళ్లాను. అకౌంట్స్ మేనేజర్ తమిళంలో అంకెలు చదువుతుంటే తిరుత్తణి అమ్మాయి టిక్కు పెడుతోంది. మూడు గంటలు పట్టింది. ఒక్కో షేరుకు ఆదాయం దగ్గర ఆమె ఆపింది. బ్యాలెన్స్ షీట్‌లో 14.32. ప్రింటులో 14,32,000. లక్షల గడి అనుకుని వేశారు. మళ్లీ అదే జాతి తప్పు, ఇంకో చోట. వెండర్ గంటలో సరిచేసి పంపాడు. క్రితం ఏడాది వరసలో తిరగరాసిన రెండు లైన్లు పాత అంకెలతోనే ఉన్నాయి, అవీ దొరికాయి.

అన్నీ అయ్యాక ఆ అమ్మాయి ఎక్స్‌ఎంఎల్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. ఎందుకమ్మా అన్నాను. ఒక్కటి చూసుకోవాలక్కా, అంది. గ్యారంటీ ట్యాగ్ వెతికింది. రెండు లైన్లు వచ్చాయి, ఈ ఏడాదిది ఒకటి, 2024 మార్చి 31 నాటిది ఒకటి. రెండో లైను మీద వేలు పెట్టి సున్నాలు లెక్కపెట్టింది. 64000000. ఆరు కోట్ల నలభై లక్షలు.

ఫైలింగ్ అయ్యి ఎస్‌ఆర్‌ఎన్ (ఫైలింగ్ రసీదు నంబరు) వచ్చిన సాయంత్రం బాబాయ్ ఆ ఒక్క లైను ప్రింటు తీయించుకుని, కవర్లో పెట్టి, బ్యాంకు బ్రాంచికి తానే తీసుకెళ్లాడు.